గేబుల్ గోడ మీద బయటి ఫ్లూ: ప్లానింగ్ అనుమతి నుంచి పొగ పరీక్ష దాకా

పని జరుగుతున్న చోటు ఇంగ్లండ్, మిడ్‌లాండ్స్. ఇల్లు 1970ల నాటి సెమీ డిటాచ్డ్ (ఒక వైపు ఇంకో ఇంటితో గోడ పంచుకునేది), రెండంతస్తులు, చిమ్నీ లేదు. కింది హాల్లో 5 కిలోవాట్ల కట్టెల స్టవ్ పెట్టి, దాని ఫ్లూను (పొగ గొట్టాన్ని) పక్క గేబుల్ గోడ (కప్పు వాలుల చివర పైన త్రికోణంగా ఉండే గోడ) బయట నుంచి కప్పు పైదాకా తీసుకెళ్లాలి. కొలతలు: చూరు ఎత్తు 5.0 మీటర్లు, కప్పు రెండు వాలులూ కలిసే రిడ్జ్ ఎత్తు 7.5 మీటర్లు, వాలు 35 డిగ్రీలు. గేబుల్ గోడకీ సరిహద్దు కంచెకీ మధ్య సందు 1.1 మీటర్లు. కంచె అవతల పక్కింటికి కూడా అంతే సందు. పక్కిల్లు ఇదే ఎత్తు, ఇదే వాలు.

ఇక్కడ రాసిన నియమాలన్నీ ఇంగ్లండ్‌వి. వేల్స్, స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్‌లలో చట్టాలు వేరు.

మొదటి నమోదు: ఫ్లూ కొన ఎత్తు తేల్చడం

చాలామంది ముందు స్టవ్ ఎంచుకుంటారు, తర్వాత గోడకు కన్నం ఎక్కడో చూస్తారు, ఎత్తు సంగతి ఆఖరికి వస్తుంది. ఈ వరస తిరగేయాలి. ప్లానింగ్ అనుమతి కావాలా వద్దా, బిల్డింగ్ రెగ్యులేషన్స్ (కట్టడ భద్రత నియమాలు) ఒప్పుకుంటాయా, గొట్టం గాలికి నిలుస్తుందా, స్టవ్ గదిలో ఎక్కడ కూర్చోవాలి అనే నాలుగింటినీ నిర్ణయించేది ఫ్లూ కొన ఎత్తే. కాబట్టి గీత పైనుంచి కిందికి గీయాలి.

ప్లానింగ్ వైపు నియమం చిన్నది. 2015 జనరల్ పర్మిటెడ్ డెవలప్‌మెంట్ ఆర్డర్ (కౌన్సిల్‌కు దరఖాస్తు పెట్టకుండా చేసుకోగల పనులను చెప్పే ఉత్తర్వు), షెడ్యూల్ 2, పార్ట్ 1, క్లాస్ జి. ఇంటికి చిమ్నీ, ఫ్లూ, సాయిల్ అండ్ వెంట్ పైపు (మురుగు పైపు) పెట్టడం, మార్చడం, కొత్తది వేయడం దీని కిందికి వస్తాయి. కప్పులో అన్నిటికన్నా ఎత్తైన భాగాన్ని ఫ్లూ 1 మీటరు లేదా అంతకంటే ఎక్కువ దాటితే అనుమతి అడగాలి. "లేదా అంతకంటే ఎక్కువ" అన్నారు కాబట్టి సరిగ్గా 1000 మిల్లీమీటర్లు దాటినా హద్దు మీరినట్టే. ఈ ఇంటికి హద్దు 8.5 మీటర్లు. కొన మీది కౌల్‌ను (వాన ఆపే టోపీని) కూడా కలిపే లెక్కపెట్టాలి.

బిల్డింగ్ రెగ్యులేషన్స్ వైపు అప్రూవ్డ్ డాక్యుమెంట్ జె (స్టవ్‌లు, ఫ్లూల మార్గదర్శకం) ఉంది. అది కనీస ఎత్తు చెబుతుంది. రిడ్జ్ నుంచి 600 మి.మీ. లోపు ఉన్న ఫ్లూ, రిడ్జ్ కన్నా కనీసం 600 మి.మీ. పైకి లేవాలి. అంతకన్నా దూరంగా ఉంటే, ఫ్లూ నోటి నుంచి కప్పు ఉపరితలానికి అడ్డంగా కనీసం 2300 మి.మీ. దూరం ఉండాలి. దాంతోపాటు, కప్పును తాకే చోటు కన్నా 1000 మి.మీ. ఎత్తయినా ఉండాలి, లేదా రిడ్జ్‌తో సమానంగానైనా ఉండాలి. తెరిచే కిటికీ, రూఫ్‌లైట్, డార్మర్ (కప్పులోంచి పొడుచుకొచ్చే కిటికీ) 2300 మి.మీ. లోపు ఉంటే వాటి పై అంచు కన్నా 1000 మి.మీ. ఎత్తు కావాలి. పక్క కట్టడం 2300 మి.మీ. లోపు ఉంటే, ఆ పరిధిలోకి వచ్చే దాని ఏ భాగం కన్నా అయినా 600 మి.మీ. ఎత్తు కావాలి. ఆ కట్టడం సరిహద్దుకు అవతల ఉన్నా సరే.

మొదటి లెక్క రిడ్జ్ నుంచి 1.2 మీటర్లు వెనక్కి జరిపి వేసింది. అక్కడ కప్పు ఎత్తు 7.5 − (1.2 × 0.70) = 6.66 మీటర్లు. దానిపై 1 మీటరు కలిపితే 7.66. రిడ్జ్ దాటింది కాబట్టి అడ్డంగా ఎదురయ్యే సొంత కప్పూ లేదు. 7.8 మీటర్లు పెడితే చాలనిపిస్తుంది. రిడ్జ్ పక్కనే పెడితే 8.1 కావాలి, కనుక 300 మి.మీ. ఆదా.

పక్కింటి నియమం ఈ ఆదాను మింగేసింది. రెండు గోడల మధ్య 2.2 మీటర్లు. ఫ్లూ మధ్యగీత మన గోడకు 220 మి.మీ. బయట ఉంటుంది, పక్కింటి పెంకు అంచు 50 మి.మీ. ఇటు వస్తుంది. మిగిలిన దూరం 1.93 మీటర్లు, అంటే 2300 లోపే. 2.3 వర్గంలోంచి 1.93 వర్గం తీసేసి వర్గమూలం చూస్తే 1.25 మీటర్లు. ఫ్లూకు ముందూ వెనకా 1.25 మీటర్ల దాకా పక్కింటి కప్పు అంచు పరిధిలోకి వస్తుంది. ఫ్లూ రిడ్జ్ నుంచి 1.2 మీటర్లే ఉంది కాబట్టి పక్కింటి రిడ్జ్ కూడా 50 మి.మీ. తేడాతో లోపలికి వచ్చేసింది. 7.5 + 0.6 = 8.1. ఇంకో 200 మి.మీ. వెనక్కి జరిపినా 8.0 కంటే తగ్గదు.

ఈ దాపుల్లో ఎక్కడ పెట్టినా దాదాపు 8.1 తప్పనప్పుడు, రిడ్జ్‌కు దగ్గరగా పెట్టడమే మేలు. కారణం ఆఖరి బ్రాకెట్. ఈ రకం గొట్టం ఆఖరి బ్రాకెట్ పైన ఆధారం లేకుండా నిలబడటానికి తయారీదారు ఇచ్చిన హద్దు 1.5 మీటర్లు. 1.2 మీటర్లు వెనక్కి ఉంటే గోడ 6.6 దగ్గరే అయిపోతుంది, బ్రాకెట్ 6.4 దగ్గర పడుతుంది, పైన 1.7 మీటర్లు ఊగుతుంది. అప్పుడు కప్పు మీదికి స్టే కడ్డీలు వేయాలి, పెంకుల్లో రంధ్రాలు చేయాలి. రిడ్జ్ నుంచి 0.5 మీటర్ల దగ్గర పెడితే గోడ 7.1 దాకా ఉంటుంది, బ్రాకెట్ 6.95 దగ్గర, పైన 1.15 మీటర్లు మాత్రమే. కప్పును అసలు ముట్టుకోనక్కర్లేదు.

నిర్ణయం: ఫ్లూ రిడ్జ్ నుంచి 0.5 మీటర్లు వెనక్కి, నోరు 8.1, కౌల్ 250 మి.మీ. కలిపి 8.35. హద్దుకు 150 మి.మీ. మిగులు.

ఒక సూక్ష్మం. అప్రూవ్డ్ డాక్యుమెంట్ జెలో ఎత్తు కొలిచేది పొగ బయటికొచ్చే బిందువు దాకా, లేదా ఇన్సులేషన్ ముగిసిన చోటికి 150 మి.మీ. పైదాకా, రెంటిలో ఏది కిందుంటే అది. కౌల్ ఎత్తు అందులో కలిసిరాదు. ప్లానింగ్‌లో మాత్రం కౌల్ కలుస్తుంది. ఒకే ఫ్లూకు రెండు ఎత్తులు ఉంటాయని డ్రాయింగ్‌లో రెండూ వేరుగా రాయాలి.

150 మి.మీ. మిగులు అంటే కొలతలో తప్పు పనికిరాదు. గోడ ఇటుక వరసలు లెక్కపెట్టడం మంచి పద్ధతి: మెట్రిక్ ఇటుకైతే మోర్టార్‌తో కలిపి వరసకు 75 మి.మీ., నాలుగు వరసలకు 300. కింద పది వరసలు టేపుతో కొలిచి సగటు సరిచూసుకుని పైదాకా లెక్కపెట్టాలి, లేజర్‌తో మళ్లీ సరిపోల్చాలి. నేల వాలుగా ఉన్నా నష్టం లేదు, క్లాస్ జి పోల్చేది కప్పుతో కాబట్టి. డ్రాయింగ్ అంతా ఒకే మట్టం నుంచి కొలిస్తే చాలు.

రెండో నమోదు: పర్మిటెడ్ డెవలప్‌మెంట్ నిజంగా వర్తిస్తుందా

ఎత్తు సరిపోయినంత మాత్రాన అనుమతి అక్కర్లేదని కాదు. ఈ ఇంటికి చూసుకున్నవి ఇవి.

ఫ్లాట్లకు, మెజోనెట్లకు (రెండంతస్తుల ఫ్లాట్లకు) పార్ట్ 1 హక్కులే లేవు; ఫ్లూ ఎంత చిన్నదైనా దరఖాస్తు పెట్టాల్సిందే. లిస్టెడ్ (వారసత్వ జాబితాలోని) భవనమైతే లిస్టెడ్ బిల్డింగ్ కన్సెంట్ వేరుగా కావాలి, అది లేకుండా చేయడం నేరం. ఆఫీసు, దుకాణం, పశువుల కొట్టం లాంటివి ప్రత్యేక హక్కుల కింద ఇల్లుగా మార్చినవైతే క్లాస్ జి దొరకదు. ఈ ఇంటికి ఇవేవీ అడ్డు కావు.

కన్జర్వేషన్ ఏరియా (పాత రూపాన్ని కాపాడే ప్రాంతం), నేషనల్ పార్క్, వరల్డ్ హెరిటేజ్ సైట్ లాంటి చోట్ల ఇంకో షరతు ఉంది. ఇంటి ముఖభాగం గానీ పక్కభాగం గానీ రోడ్డును చూస్తుంటే ఆ గోడ మీద, ఆ వాలు మీద ఫ్లూ పెట్టకూడదు. జనం దీన్ని "కన్జర్వేషన్ ఏరియాలో ఫ్లూ కుదరదు" అని చదువుకుంటారు. అది తప్పు. వెనక గోడ రోడ్డు వైపు లేకపోతే అక్కడ హక్కు అలాగే ఉంటుంది. అసలు ఇబ్బంది మూలమీది ఇళ్లకు, వాటి పక్క గోడ కూడా రోడ్డును చూస్తుంది కనుక.

దాగి ఉండే చిక్కు ఎస్టేట్ అసలు అనుమతి పత్రంలో ఉంటుంది. బిల్డర్‌కు ఇచ్చిన అనుమతిలోనే కౌన్సిల్ పర్మిటెడ్ డెవలప్‌మెంట్ హక్కులు తీసేసి ఉండొచ్చు. మనవాళ్లు కొనే కొత్త ఎస్టేట్ ఇళ్లలో ఇది తప్పక చూడాలి. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఎస్టేట్ దరఖాస్తు వెతికి డెసిషన్ నోటీసులోని షరతులు ఒక్కొక్కటీ చదవాలి. ఆర్టికల్ 4 డైరెక్షన్ (ఒక ప్రాంతంలో ఈ హక్కులు తీసేసే ఉత్తర్వు) ఉందేమో కూడా చూడాలి. టైటిల్ రిజిస్టర్‌లోని కవనెంట్లు (ఆస్తితో వచ్చే కట్టుబాట్లు) ఇంకో సంగతి: బిల్డర్ ఒప్పుకోలు లేకుండా బయటి రూపం మార్చకూడదని ఉంటే, ప్లానింగ్‌తో సంబంధం లేకుండా అదీ కట్టుబాటే.

ఈ ఎస్టేట్ పత్రంలో గ్యారేజీని గదిగా మార్చకూడదన్న షరతు ఒక్కటే దొరికింది. ఫ్లూకు అడ్డు లేదు.

మూడో నమోదు: లాఫుల్ డెవలప్‌మెంట్ సర్టిఫికెట్

హక్కు ఉన్నప్పుడు కౌన్సిల్‌ను అడగకుండానే పని మొదలుపెట్టొచ్చు. అయినా ఇక్కడ ఈ సర్టిఫికెట్ (పని చట్టబద్ధమేనని కౌన్సిల్ ఇచ్చే ధ్రువపత్రం) తీసుకోవడమే సరైనది. హద్దుకు 150 మి.మీ. దూరంలో ఉన్న ఫ్లూ మీద ఫిర్యాదు రావడం తేలిక, ఇల్లు అమ్మేటప్పుడు కొనేవారి సొలిసిటర్ అడగడం ఖాయం. పైగా 2024 ఏప్రిల్ 25 నుంచి అనుమతి లేని కట్టడం మీద కౌన్సిల్ చర్య తీసుకునే గడువు నాలుగేళ్ల నుంచి పదేళ్లకు పెరిగింది.

దరఖాస్తు 1990 టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ చట్టం సెక్షన్ 192 కింద, అంటే చేయబోయే పనికి. ఫీజు మామూలు దరఖాస్తులో సగం. 2025 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన రేట్లలో ఒక ఇంటి మార్పులకు పూర్తి ఫీజు 528 పౌండ్లు, కాబట్టి అప్పుడు సర్టిఫికెట్‌కు 264. ప్లానింగ్ పోర్టల్ సేవా రుసుము దీనికి అదనం. ఫీజులు ఏప్రిల్‌లో మారుతుంటాయి, కట్టే రోజున ఉన్న రేటు చూసుకోవాలి. నిర్ణయానికి గడువు 8 వారాలు.

ఇది ఇష్టాయిష్టాల మీద నడిచేది కాదు. ఫ్లూ అందంగా ఉందా, పక్కింటికి నచ్చిందా అనేది అధికారి చూడడు, క్లాస్ జి షరతులకు సరిపోతుందా లేదా అన్నదే. రుజువు చేసే భారం మాత్రం పూర్తిగా దరఖాస్తుదారుదే. అందుకే డ్రాయింగులే ప్రాణం: 1:1250 లొకేషన్ ప్లాన్ మీద ఎర్ర గీత, 1:500 బ్లాక్ ప్లాన్, ఇప్పుడున్నవీ రాబోయేవీ ఎలివేషన్లు 1:50లో, రూఫ్ ప్లాన్. ప్రతి షీటు మీద స్కేల్ బార్, ఉత్తర దిక్కు. పక్క ఎలివేషన్ మీద రిడ్జ్ 7.500, ఫ్లూ నోరు 8.100, కౌల్ పైకొన 8.350, హద్దు 8.500 అని నాలుగు మట్టాలూ గీతలు గీసి రాశాం. ఒక పేజీ వివరణలో క్లాస్ జి షరతులు వరసగా రాసి, ఒక్కోదానికి ఎదురుగా జవాబు ఇచ్చాం. అధికారి చేతికి ఇంత ఇస్తే మళ్లీ ప్రశ్నలు రావు. దరఖాస్తులు వెనక్కి వచ్చేది ఎక్కువగా కొలత లేని ఎలివేషన్ వల్ల, కౌల్ గీయకపోవడం వల్ల.

సర్టిఫికెట్ డ్రాయింగ్‌లో ఉన్నదానికే రక్షణ ఇస్తుంది. తర్వాత ఈడ్పు చాలక గొట్టం పెంచితే ఆ కాగితం దానికి వర్తించదు. అవసరపడగల గరిష్ఠ ఎత్తునే గీయడం తెలివైన పని.

సర్టిఫికెట్ దొరకని ఇళ్లకు హౌస్‌హోల్డర్ ప్లానింగ్ దరఖాస్తే దారి. పొరుగువారికి 21 రోజులు ఇస్తారు, రూపం, చుట్టుపక్కల మీద ప్రభావం చూస్తారు. అక్కడ మెరిసే స్టెయిన్‌లెస్ స్టీల్‌కు బదులు మాట్ బ్లాక్ పూత అని ముందే రాయడం మంచిది. తిరస్కరిస్తే అప్పీలుకు 12 వారాలు.

స్థితి: సర్టిఫికెట్ చేతికొచ్చింది. ఇది బిల్డింగ్ రెగ్యులేషన్స్ అనుమతి కాదు. దాన్ని హెటాస్ (కట్టెల స్టవ్‌లు అమర్చేవారిని నమోదు చేసే సంస్థ) నమోదిత ఇన్‌స్టాలర్ స్వయంగా ధ్రువీకరిస్తాడు. నమోదు లేనివారు పని చేస్తే, మొదలుపెట్టక ముందే కౌన్సిల్ బిల్డింగ్ కంట్రోల్‌కు నోటీసు ఇచ్చి ఫీజు కట్టాలి.

నాలుగో నమోదు: గొట్టం ఎంపిక, గోడ కన్నం

ఈ వీధి స్మోక్ కంట్రోల్ ఏరియా (పొగ మీద ఆంక్షలున్న ప్రాంతం). డెఫ్రా (ప్రభుత్వ పర్యావరణ శాఖ) మినహాయింపు ఉన్న స్టవ్‌లోనే కట్టెలు కాల్చాలి. చిమ్నీ నుంచి పొగ కనిపిస్తే కౌన్సిల్ 175 నుంచి 300 పౌండ్ల దాకా జరిమానా వేయొచ్చు. మినహాయింపు స్టవ్‌కు ఇంకో లాభం ఉంది: 20 కిలోవాట్ల లోపు మూత స్టవ్‌కు 150 బదులు 125 మి.మీ. ఫ్లూ చాలు. బయటి గొట్టం చలికి త్వరగా చల్లారుతుంది, సన్నదైతే పొగ వేడిగా, వేగంగా పైకి పోతుంది. 125 లోపలి కొలత, 25 మి.మీ. ఇన్సులేషన్, బయటి కొలత 175.

గొట్టం మీద బిఎస్ ఇఎన్ 1856-1 ప్రకారం అక్షరాలు, అంకెల వరస (డిజైనేషన్) ఉంటుంది. అందులో జి తర్వాత వచ్చే అంకె మండే వస్తువులకు ఉంచాల్సిన దూరం, మిల్లీమీటర్లలో. మనది జి60. పెంకు అంచు గోడకు 50 మి.మీ. బయట ఉంది, గొట్టం గోడ వైపు అంచు 132 దగ్గర ఉంది, మధ్య 82. ఈ ఇంటి అంచు మోర్టార్‌తో కట్టింది కనుక సరిపోయింది. చెక్క బార్జ్‌బోర్డు (గేబుల్ అంచున కొట్టే పలక) 200 మి.మీ. బయటికున్న ఇళ్లలో ఫ్లూను ఇంకా బయటికి జరపాలి, పక్కింటి 2300 లెక్క మళ్లీ మొదటినుంచి వేయాలి.

గదిలో స్టవ్ పైన 1000 మి.మీ. ఒంటి పొర విట్రియస్ (ఎనామెల్ పూత) గొట్టం నిలువుగా, ఆపైన 45 డిగ్రీల మలుపు, అక్కడినుంచి ఇన్సులేటెడ్ గొట్టం వాలుగా గోడ దాటుతుంది. స్టవ్ వెనక నుంచి అడ్డంగా తీస్తే 150 మి.మీ. మించకూడదు, గోడే 290 ఉంది కాబట్టి అది కుదరని పని. ఒంటి పొర గొట్టం గోడలోకి వెళ్లకూడదు, మండే వస్తువులకు వ్యాసానికి మూడు రెట్ల దూరం ఉండాలి, ఇక్కడ 375.

గోడ మందంలో అతుకు ఉండకూడదు. 290 మి.మీ. గోడను 45 డిగ్రీల్లో దాటే దారి 410, గొట్టం లావు 175 కలిపితే 585. కాబట్టి 1000 ముక్క వాడాం. ఇన్సులేటెడ్ గొట్టాన్ని కోయకూడదు. విట్రియస్ గొట్టాన్ని కోయొచ్చు, స్టవ్‌ను ముందుకూ వెనక్కూ జరపొచ్చు. అందుకే బయట ఫ్లూ గీత గుర్తు పెట్టి, గొట్టం పొడి అమరిక చూసి, ఆ తర్వాతే స్టవ్ స్థానం ఖరారు చేయాలి.

కన్నం ముందు ఒక చిన్న రంధ్రం వేసి కేవిటీలో (గోడ రెండు పొరల మధ్య ఖాళీలో) ఏముందో చూడటం తప్పనిసరి. 1970ల ఇళ్లలో తర్వాత పాలీస్టైరిన్ పూసలు నింపినవి ఉన్నాయి. పెద్ద కన్నం పెట్టగానే పూసలు ధారగా కారిపోతాయి, పై గోడ ఖాళీ అవుతుంది. పైగా అవి మండే పదార్థం, 60 మి.మీ. దూరం వాటికీ వర్తిస్తుంది. ఇక్కడ పూసలే ఉన్నాయి. కన్నాన్ని ఆ మేరకు పెద్దది చేసి, కేవిటీ నాలుగు వైపులా ఇటుక ముక్కలతో మూసి, తర్వాత స్లీవ్ (గొట్టం దూరే తొడుగు) దించాం. స్లీవ్‌కూ గొట్టానికీ మధ్య మినరల్ ఫైబర్ తాడు, బయట రోజెట్ (కన్నం అంచును కప్పే పళ్లెం), దాని పై అంచుకు అధిక వేడి తట్టే సిలికాన్. కింది అంచును సీల్ చేయకుండా వదలాలి, లోపలికి చేరిన నీరు పోవడానికి.

ఐదో నమోదు: గొట్టం ఎక్కించడం

సందు 1.1 మీటర్లే. పరంజా కాళ్లు కంచె దాటకుండా కట్టడం కష్టమైంది, పక్కింటి నేల వాడుకోవాల్సి వచ్చింది. 1992 యాక్సెస్ టు నైబరింగ్ ల్యాండ్ చట్టం ఉన్న కట్టడాల మరమ్మతులకు ఉద్దేశించింది. కొత్త ఫ్లూకు పొరుగువారి ఒప్పుకోలే దారి. తేదీలతో రాతపూర్వకంగా తీసుకోవాలి.

టీ ముక్క నేలకు సుమారు 2.4 మీటర్ల ఎత్తున కూర్చుంది. కింద శుభ్రం చేసే మూత, దానికి నీరు పోయే ప్లగ్గు. మొత్తం బరువు టీ కింది మోత బ్రాకెట్ మీదే. పైన పట్టీలు గొట్టాన్ని నిలువుగా పట్టుకోవడానికి మాత్రమే. పట్టీలు 2 మీటర్లకు ఒకటి, ఆఖరిది 6.95 దగ్గర. యాంకర్లు ఇటుకలోకే పోవాలి, మోర్టార్ గీతలోకి కాదు. పట్టీ కింద అతుకు రాకూడదు. 1000 ముక్కలు అయిదు, 500 ఒకటి, కొసకు టెర్మినల్. అతుకులో ఎంత పొడవు పోతుందో కంపెనీని బట్టి మారుతుంది, ఆర్డరుకు ముందే ఆ పట్టిక చూసి లెక్కపెట్టాలి. లేకపోతే 8.1 అనుకున్నది 7.85 దగ్గర ఆగిపోతుంది. ప్రతి ముక్క మీదా బాణం పైకి ఉండాలి, ప్రతి అతుకుకూ లాకింగ్ బ్యాండ్ బిగించాలి.

పూర్తయ్యాక నోరు 8.11, కౌల్ 8.36. హద్దు లోపలే.

ఆరో నమోదు: పరీక్షలు, కాగితాలు

ఈ స్టవ్ కింది భాగం నేలను 100 డిగ్రీలు దాటనివ్వదని తయారీదారు పరీక్ష ఉంది, కనుక 12 మి.మీ. మండని పలక చాలింది. తలుపు ముందు 225, పక్కల 150 మి.మీ. దాకా పలక ఉండాలి. పాత ఇల్లు, 5 కిలోవాట్లు మించలేదు కాబట్టి శాశ్వత గాలి రంధ్రం అక్కర్లేదు. కార్బన్ మోనాక్సైడ్ అలారం బిఎస్ ఇఎన్ 50291 ప్రకారం, స్టవ్ నుంచి అడ్డంగా 1 నుంచి 3 మీటర్ల లోపు, సీలింగ్ మీదైతే గోడకు 300 మి.మీ. దూరంగా.

పొగ పరీక్షలో జాగ్రత్త పడాల్సింది వంటింటి హుడ్. తాలింపు ఘాటు పోవడానికి మనవాళ్లు బయటికి తోసే పెద్ద హుడ్ పెడతారు. హాలూ వంటిల్లూ కలిసి ఉంటే ఆ హుడ్ ఇంట్లో గాలి లాగేస్తుంది, పొగ స్టవ్ తలుపులోంచి వెనక్కి తన్నుతుంది. స్టవ్ ఉన్న గదిలో అలాంటి ఫ్యాను ఉండకూడదు. ఇక్కడ వంటిల్లు వేరు గది. అయినా కిటికీలు, బయటి తలుపులు మూసి, మధ్య తలుపు తెరిచి, గొట్టాన్ని వేడెక్కించి పొగ బిళ్ల పెట్టి, హుడ్ వేగం ఒక్కో మెట్టు పెంచుతూ పూర్తి వేగం దాకా చూశాం. రెండో వేగం దాకా పొగ నిలకడగా పైకి పోయింది, మూడో వేగంలో కొంచెం వెనక్కి వచ్చింది. పరిష్కారంగా గోడకు 5000 చదరపు మిల్లీమీటర్ల మూయలేని రంధ్రం వేసి, మళ్లీ పరీక్షించాక మూడో వేగంలోనూ వెనక్కి రాలేదు.

నోటీస్ ప్లేట్ కరెంటు మీటరు పక్కన బిగించాం. స్టవ్ ఏ గదిలో, ఫ్లూ రకం, కొలత, ఏ స్టవ్‌కు తగింది, అమర్చిన తేదీ అందులో ఉంటాయి. ఇన్‌స్టాలర్ 30 రోజుల్లోపు కౌన్సిల్‌కు తెలియజేయాలి. మిగిలిన పని: ఆ కంప్లయన్స్ సర్టిఫికెట్ అందాక లాఫుల్ డెవలప్‌మెంట్ సర్టిఫికెట్, స్టాంపు పడ్డ డ్రాయింగులు, గొట్టం డిజైనేషన్ కాగితంతో కలిపి ఒకే ఫైలులో పెట్టడం, ఇంటి బీమా కంపెనీకి స్టవ్ సంగతి తెలపడం.